గోల్ఫ్ స్వింగ్‌లో తొందర తగ్గించుకోవడం ఎలా: తాడుతో, విప్‌తో రోజుకు పది నిమిషాలు

నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు. ఒంగోలు వాళ్లయితే ఇంకో 125 కలుపుకోవాలి. పదిహేను రోజులకోసారి తెల్లవారుజామున మూడున్నరకు లేచి, టీ కూడా తాగకుండా కారెక్కి, అంత దూరం పోయి రేంజ్‌లో (బంతులు కొట్టి సాధన చేసే మైదానం) వంద బంతులు కొడితే అరవై కుడివైపు కంచె మీదికి పోతున్నాయనుకోండి, ఎట్లా ఉంటుంది? నాకు మూడేళ్లు అట్లాగే ఉంది. బలం చాలడం లేదేమోనని జిమ్‌లో చేరాను. భుజాలు పెరిగాయి, బంతి మాత్రం అటే పోయింది.

లోపం బలంలో లేదు. క్లబ్ (బంతిని కొట్టే కర్ర) పైకి పూర్తిగా వెళ్లకముందే నేను కిందికి లాగేస్తున్నాను. మనలో చాలామంది క్రికెట్ ఆడి, నలభై దాటాక గోల్ఫ్ మొదలుపెట్టినవాళ్లం. వచ్చే బంతిని చూసి చేత్తో లాగి కొట్టడం ఒంట్లో పాతుకుపోయింది. గోల్ఫ్‌లో బంతి ఎటూ పోదు, మన కోసమే కూర్చుని ఉంటుంది. ఆ సంగతి బుర్రకు తెలుసు, చేతులకు తెలియదు. చేతులకు అది నేర్పే సాధనాలే ఈ వంగే షాఫ్ట్ (పొడవాటి కర్ర భాగం) ఉన్న బరువు విప్‌లు. వీటికి బంతి అక్కర్లేదు, గోల్ఫ్ కోర్సు అక్కర్లేదు, ఇంటి మేడ చాలు. అందుకే మనలాంటి ఊళ్లవాళ్లకు ఇవి బాగా పనికొస్తాయి.

ఇది పనిచేసేది ఎందుకంటే

కావడి మోసేవాళ్లను చూసే ఉంటారు. వెదురు బద్ద, రెండు కొసలా రెండు బిందెలు. బద్ద కిందికి వంగుతుంది, పైకి లేస్తుంది, మోసే మనిషి దాని ఊపుకు తగ్గట్టు అడుగు వేస్తాడు. ఊపుతో కలిస్తే బరువు సగమైనట్టుంటుంది. ఊపుకు ఎదురుగా అడుగేశాడో, నీళ్లు ఒలుకుతాయి, భుజం ఒరుసుకుపోతుంది. బద్ద గట్టిగా ఉంటే ఈ సంగతి తెలియదు. వంగుతుంది కాబట్టే తప్పడుగు వేసిన మరుక్షణం తెలుస్తుంది.

విప్‌లో ఉన్నదీ అంతే. పొడవాటి మెత్తని షాఫ్ట్, కొసన బరువైన బంతి, పట్టుకునే వైపు ఆ బరువుకు సరితూగే ఇంకో చిన్న బరువు. మామూలు క్లబ్బును పైనుంచి ఒక్క కుదుపుతో లాగినా అది ఏమీ అనదు, వచ్చేస్తుంది. విప్‌ను అట్లా లాగితే బంతి వెనకే ఉండిపోతుంది, షాఫ్ట్ విల్లులా వంగుతుంది, చేతుల్లో జెర్క్ తగులుతుంది. బంతి పైకి వెళ్లి, కాసేపు ఆగి, తిరిగొచ్చేదాకా మీరు ఆగక తప్పదు. ఇక్కడ నేర్చుకునేది ఆ ఆగడమే.

దుకాణాల్లో దొరికే ఇనుప డోనట్లు (క్లబ్‌కు తగిలించే బరువు రింగులు), గట్టి షాఫ్ట్ ఉన్న బరువు క్లబ్బులు వేరే సంగతి. వాటికి బరువుంది గానీ వంపు లేదు. అవి తిప్పి మామూలు క్లబ్ పట్టుకుంటే గాల్లో తేలినట్టుంటుంది, వేగం పెరిగిందనిపిస్తుంది. అనిపించడం వేరు, పెరగడం వేరు. టెంపో (స్వింగ్ లయ) కోసమైతే వాటి మీద డబ్బు పెట్టకండి.

ముందు మీ లెక్క తీయండి

సాధనం కొనేముందు ఫోన్‌తో వీడియో తీసుకోండి. చాలామంది ఈ పని వదిలేసి, నెల తర్వాత "ఏమో, కొంచెం బాగున్నట్టుంది" అంటుంటారు.

ఫోన్‌ను మీ నడుం ఎత్తులో, ఛాతీకి ఎదురుగా పెట్టండి. సెకనుకు 60 ఫ్రేములు పెట్టుకుంటే చాలు. 7 ఐరన్‌తో (మధ్య దూరానికి వాడే క్లబ్) మూడు స్వింగులు తీయండి. తర్వాత ఒక్కో ఫ్రేము జరుపుతూ లెక్కపెట్టండి. క్లబ్ తల మొదట కదిలిన ఫ్రేము నుంచి పైన దిశ మారే ఫ్రేము దాకా ఒక సంఖ్య. అక్కడి నుంచి బంతిని తాకే దాకా ఇంకో సంఖ్య. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి.

మంచి ఆటగాళ్ల లెక్క మూడుకు ఒకటి చుట్టూ ఉంటుంది. అంటే పైకి పోవడానికి పట్టిన సమయంలో మూడో వంతులో కిందికి వస్తారు. 60 ఫ్రేముల వీడియోలో 48, 16 వచ్చాయంటే పైకి 0.8 సెకన్లు, కిందికి సెకనులో పావు కన్నా కాస్త ఎక్కువ. 54, 18 వచ్చినా నిష్పత్తి అదే. 42, 14 వచ్చినా అదే. మనిషి చురుకుదనాన్ని బట్టి మొత్తం సమయం మారుతుంది, నిష్పత్తి పెద్దగా మారదు.

ఇక్కడొక అపోహ తీసేయాలి. టెంపో అంటే నెమ్మది కాదు. పేరున్న ఆటగాడు ఎర్నీ ఎల్స్ స్వింగ్ చూస్తే నిద్ర వస్తుంది, అంత సాఫీగా ఉంటుంది. నిక్ ప్రైస్ స్వింగ్ కన్ను ఆర్పేలోపు అయిపోతుంది. 1994లో యూఎస్ ఓపెన్ ఎల్స్ గెలిచాడు, అదే ఏడాది బ్రిటిష్ ఓపెన్, పీజీఏ ఛాంపియన్‌షిప్ రెండూ ప్రైస్ గెలిచాడు. మీరు పుట్టుకతో గబగబా నడిచే మనిషైతే మిమ్మల్ని మీరు బలవంతంగా ఎల్స్‌ను చేసుకోవద్దు.

నాకు మొదటి రోజు వచ్చినవి 36, 18. అంటే రెండుకు ఒకటి. విచిత్రం చూడండి, తొందరపడి కిందికి లాగుతున్నవాడి డౌన్‌స్వింగ్ ఇంకా వేగంగా ఉండాలి కదా? ఉండదు. పైనే కుదుపిస్తే ఉన్న ఊపంతా భుజం దగ్గరే ఖర్చయిపోతుంది, బంతి దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలదు. మీకు రెండున్నర, మూడున్నర మధ్యలో వస్తే టెంపో గురించి టెన్షన్ పడకండి, మీ ఇబ్బంది ఇంకెక్కడో ఉంది.

డబ్బు పెట్టేముందు తాడు

విప్ బయటి దేశపు సరుకు, వేలల్లో ఉంటుంది. ముందు నూలు తాడుతో రెండు వారాలు చేసి చూడండి. బొటనవేలంత లావు, నాలుగడుగుల పొడవు. ఒక కొసన పెద్ద ముడి వేయండి, రెండో కొసకు పట్టు కోసం ఇన్సులేషన్ టేపు చుట్టండి. నైలాన్ తాడు వద్దు. పడవలకు వాడేది ఊళ్లో ఎక్కడపడితే అక్కడ దొరుకుతుందని నేను అదే తెచ్చాను. ముడి వీపు మీద తగిలిన చోట ఎర్రటి వాత తేలింది. ఇంట్లో జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

టేపు కొసను క్లబ్ పట్టినట్టు రెండు చేతులతో పట్టుకుని, ముడిని కిందికి వేలాడేసి, బ్యాక్‌స్వింగ్ (వెనక్కి, పైకి తీసుకెళ్లే ఊపు) చేయండి. తాడు మీ భుజం మీదుగా వెనక్కి పోయి ముడి వీపును మెత్తగా తాకుతుంది. తాకాక కిందికి రండి. తాకకముందే వస్తే తాడు సడలి, పాములా మెలికలు తిరిగి, మెడకో చెవికో తగులుతుంది. సరిగ్గా వస్తే తాడు తిన్నగా సాగి, ముందువైపు "ఝుయ్" అని శబ్దం చేస్తుంది. ఆ శబ్దం ఎక్కడ వస్తోందో వినండి. కుడి భుజం దగ్గర వస్తే ఊపు ముందే పోయినట్టు. బంతి ఉండాల్సిన చోటు దాటాక, ఎడమ పాదం ముందు రావాలి. (ఇక్కడా, మిగతా చోట్లా కుడిచేతివాటం వాళ్లకు రాస్తున్నాను. ఎడమచేతివాటం వాళ్లు తిప్పి చదువుకోండి.)

రోజుకు ఇరవై చాలు. కొందరికి తాడుతోనే పనైపోతుంది. అట్లా అయితే ఇక్కడే ఆగిపోండి, డబ్బు మిగిలింది.

కొనేటప్పుడు

బాగా పేరున్నది ఆరెంజ్ విప్, కొసన నారింజ రంగు బంతి ఉంటుంది. ఇంచుమించు అదే తరహాలో, ఇంకాస్త తక్కువ ధరలో స్కిల్జ్ (SKLZ) గోల్డ్ ఫ్లెక్స్ వస్తుంది. లాగ్ షాట్ అని ఇంకోటుంది. దానికి మెత్తని షాఫ్ట్, కొసన బంతికి బదులు నిజం ఐరన్ తల ఉంటాయి, దాంతో బంతులు కూడా కొట్టొచ్చు. బంతి ఉన్నవాటితో బంతులు కొట్టకూడదు, అవి ఊపడానికే.

మనకు ఏది నయం? రేంజ్ ఇంటి పక్కనుంటే లాగ్ షాట్ అనేవాడిని. మనది పదిహేను రోజులకోసారి వ్యవహారం, మిగతా పద్నాలుగు రోజులు మేడ మీదే. కాబట్టి బంతి ఉన్న విప్పే కొనండి. ఇంకో లాభం, దాన్ని ఎడమవైపూ తిప్పొచ్చు. లాగ్ షాట్‌లో కుడిచేతిది కుడిచేతిదే.

పొడవు చూసుకోండి. పెద్ద సైజు 47 అంగుళాలు, అంటే డ్రైవర్ (దూరం కొట్టడానికి వాడే పొడుగు క్లబ్) కన్నా కాస్త పొడుగు. ఐదడుగుల నాలుగంగుళాల లోపు వాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, అరవై దాటినవాళ్లు ఒక సైజు తగ్గించుకోవడం మంచిది. "పెద్దది తీసుకుంటే ఎక్కువ బలం వస్తుంది కదా" అనుకోవద్దు. బరువు మిమ్మల్ని లాక్కుపోతుంటే టెంపో నేర్చుకునేది మీరు కాదు. లోపల గదిలో చేద్దామని మూడడుగుల పొట్టి రకం కొనేవాళ్లున్నారు, అది ఉపయోగమే. కానీ సీలింగ్ ఫ్యాన్ కింద మాత్రం ఏ సైజుతోనూ చేయకండి.

నడుంనొప్పి, భుజం పట్టు, మోచేతి నొప్పి ఉంటే ముందు డాక్టర్‌ను అడగండి. డిస్క్ జారిన చరిత్ర ఉంటే అడగకుండా అసలు మొదలుపెట్టొద్దు. ఊపుతో కూడిన బరువు ఒంటిని తిప్పుతుంది, ఆ మెలిక పడేది నడుం మీదే.

చోటు, వేళ

మేడ మీద బట్టల తీగలు, వాటర్ ట్యాంక్ పైపు, పిట్టగోడ చూసుకోండి. విప్ చాచి చుట్టూ ఒకసారి మెల్లగా తిప్పి, దేనికీ తగలదని తేల్చుకున్నాకే మొదలుపెట్టాలి. నేను రెండో రోజే ట్యాంక్ నుంచి దిగే పీవీసీ పైపు పగలగొట్టాను. ప్లంబర్ వచ్చేదాకా ఇంటిల్లిపాదీ బిందెలతో నీళ్లు మోశారు. కావడి గురించి నాకు గుర్తొచ్చింది బహుశా అప్పుడే.

మార్చి నుంచి జూన్ దాకా ఉదయం ఆరు నుంచి ఏడు మధ్యలో ముగించండి. చెమటకు గ్రిప్ జారితే విప్ పక్కింట్లో పడుతుంది. చేతికి గ్లోవ్, పక్కన పొడి తువ్వాలు ఉంచుకోండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకు అసలు వానలు. మేడ మీద పాచి పడుతుంది. ఆ మూడు నెలలూ వరండాలోనో, స్కూల్ గ్రౌండ్‌లోనో చేయండి. చుట్టూ పది అడుగుల్లో పిల్లలు లేకుండా చూసుకోండి. మైపాడు, కొత్తకోడూరు బీచ్‌లైతే ఉదయాన్నే బాగుంటాయి. తడి ఇసుక మీద మీ పాదముద్రలు చూస్తే బరువు ఎటు వేస్తున్నారో కూడా తెలిసిపోతుంది. మడమలు లోతుగా దిగి ఉంటే వెనక్కి ఒరుగుతున్నట్టు.

విప్‌తో మొదటి వారం: నడుం నుంచి నడుం

మామూలుగా క్లబ్ పట్టినట్టే పట్టుకోండి, కానీ వదులుగా. పదిలో నాలుగు వంతుల గట్టి. పక్షి పిల్లను పట్టుకున్నట్టు పట్టాలని కోచ్‌లందరూ చెప్తారు. పక్షి పిల్లను నేనెప్పుడూ పట్టుకోలేదు, కోడిగుడ్లు పట్టుకున్నాను. గుడ్డు పగలకూడదు, జారిపోకూడదు. మోచేయి దాకా కండరం బిగుసుకుని ఉందంటే గుడ్డు పగిలినట్టే.

విప్‌ను ముందుకు, వెనక్కి, నడుం ఎత్తు దాకా గడియారం లోలకంలా ఊపండి. మధ్యలో ఆపొద్దు. వెనక్కి, ముందుకు, వెనక్కి, ముందుకు, ఇట్లా పది సార్లు. ఒక నిమిషం విశ్రాంతి. ఇంకో పది. చేతులతో ఊపకండి, ఛాతీ తిప్పండి, చేతులు దానితో వస్తాయి. చివర బంతి గడ్డిని ఒరుసుకుంటున్నట్టు పోవాలి. గచ్చు మీదైతే నాలుగు వేళ్ల ఎత్తు పైనే పోనివ్వండి.

మొదటి వారం ఇదొక్కటే. విసుగ్గా ఉంటుంది. పెద్ద స్వింగ్ చేయాలని చేతులు దురద పెడతాయి. ఆ దురద పోగొట్టుకోవడానికే కదా కొన్నది.

రెండో వారం: పైన ఆగడం

ఇప్పుడు ముప్పావు స్వింగ్. ఎడమ చెయ్యి నేలకు సమంగా వచ్చే దాకా. మొత్తం పద్ధతిలో కీలకం ఈ వారమే. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను.

నాకు మాటలతో ఎంత చెప్పినా ఎక్కలేదు. ఒకరోజు మైపాడులో విప్ తిప్పుతుంటే, పక్కన వాగు మొగలో విసురువల వేస్తున్న ఒక పెద్దాయన ఆగి కాసేపు చూశాడు. "అబ్బయ్యా, లాగబాక. బరువును పోనీ, అదే వస్తాది" అన్నాడు. అని తన వల విసిరి చూపించాడు. అంచు పొడుగునా సీసపు గుండ్లు. నడుం వెనక్కి తిప్పి, గుండ్లు వెనక్కి ఊగి, వల బరువు తిరుగుదామా వద్దా అన్నట్టు ఒక్క క్షణం ఆగింది. అప్పుడు ఆయన నడుం ముందుకు తిరిగింది, చేతులు చివర్లో వచ్చాయి. వల గుండ్రంగా విచ్చుకుని పడింది. ఆ క్షణం కన్నా ముందే చేయి లాగితే వల ముద్దగా పడుతుందట. నేను ప్రయత్నించాను. ముద్దగానే పడింది.

విప్‌లో ఆ క్షణాన్ని పట్టుకోవాలి. పైకి వెళ్లాక బంతి ఇంకా వెనక్కి పోతూ షాఫ్ట్‌ను వంచుతుంది. ఆ వంపు పూర్తయ్యేలోపు ఎడమ పాదం మీదికి బరువు జరగాలి. చేతులు మాత్రం ఏమీ చేయకూడదు. కింద కాలు మొదలుపెడుతుంది, పైన బంతి ఇంకా అటే పోతుంటుంది. రెండు దిక్కుల సాగుడు ఒక్క క్షణం ఒంట్లో తెలుస్తుంది. అది తెలిసిన రోజు మీకు నవ్వొస్తుంది.

విప్ మీతో మాట్లాడుతుంది, వినడం తెలియాలి. కిందికి వస్తుంటే షాఫ్ట్ వణికి, బంతి అటూ ఇటూ ఊగుతోందంటే పైనుంచి చేతులతో కుదిపారు. పైన బంతి బరువుకు షాఫ్ట్ వీపు వెనక్కి వాలిపోయి నేల వైపు లాగుతోందంటే ఆగడం ఎక్కువైంది, చచ్చిన స్వింగ్ అయింది. ఊపు పోయాక మళ్లీ మొదలుపెట్టాలంటే మళ్లీ లాగాల్సిందే. మోచేతుల దాకా జివ్వుమంటే పట్టు బిగిసింది. కాలివేళ్ల మీదికి పడిపోతుంటే బరువుకు లొంగిపోయారు, అరంగుళం వెనక్కి నిలబడి మోకాళ్లు కాస్త వదులు చేయండి. చివర్లో బంతి వచ్చి వీపును గట్టిగా కొడితే ఫినిష్‌లో (స్వింగ్ ముగింపులో) ఛాతీ తిరగలేదు, చేతులే పోయాయి.

ఒకేసారి అన్నీ సరిచేయాలనుకోవద్దు. రోజుకు ఒకటి. ముందు పట్టు వదులు చేయండి, సగం తప్పులు దాంతోనే పోతాయి.

తాళం

మెట్రోనోమ్ (సమానంగా తాళం కొట్టే) యాప్ ఒకటి ఫోన్‌లో వేసుకోండి. నోటితో "తకధిమి" అనుకోండి. ఒక్కో అక్షరం ఒక్కో దెబ్బ. "త" దగ్గర స్వింగ్ మొదలు, "మి" దగ్గర పైన ఉండాలి, మళ్లీ వచ్చే "త" దగ్గర ఇంపాక్ట్ (బంతిని తాకడం). మొదటి "త" నుంచి "మి" దాకా మూడు అంతరాలు, "మి" నుంచి "త" దాకా ఒకటి. మూడుకు ఒకటి అట్లా వచ్చేస్తుంది. నేను మొదట్లో "మి" మీద బంతి కొట్టడం పెట్టుకుని, రెండుకు ఒకటినే ఇంకా చక్కగా సాధన చేశాను. రెండు వారాలు వృథా.

మామూలు క్లబ్‌తో నిమిషానికి 200 దెబ్బలు పెట్టుకుంటే 54, 18 లెక్క వస్తుంది. 225 పెడితే 48, 16. విప్ పొడవూ బరువూ ఎక్కువ, దానికి ఇంత వేగం కుదరదు. నాకు 170, 180 మధ్య సరిపోయింది. మీకు ఏ సంఖ్య దగ్గర షాఫ్ట్ వణక్కుండా వస్తుందో అదే మీ సంఖ్య.

మూడో వారం: పూర్తి స్వింగ్, రెండు వైపులా

ఇక పూర్తిగా తిప్పండి. ప్రతి స్వింగ్ చివరా ఎడమకాలి మీద నిలబడి, బొడ్డు లక్ష్యం వైపు పెట్టి, మూడు సెకన్లు కదలకుండా ఉండండి. తూలితే ఆ స్వింగ్ లెక్కలోకి రాదు. ఇట్లా పది. తర్వాత చేతులు మార్చి ఎడమచేతివాటంగా ఐదు. మొదట పిచ్చిగా ఉంటుంది, మేడ కింద రోడ్డు మీద వాళ్లు చూస్తే బాగుండదు కూడా. కానీ ఒకవైపే తిప్పి తిప్పి నడుం ఒకవైపు బిగుసుకుపోకుండా అది కాపాడుతుంది.

మొత్తం పది నిమిషాలు, ముప్పై నలభై స్వింగులు. అంతకు మించొద్దు. అలిసిన ఒళ్లు మళ్లీ చేతులతో లాగడం మొదలుపెడుతుంది, మీరు ఆ తప్పునే సాధన చేస్తారు. వారానికి ఐదు రోజులు చాలు.

క్లబ్బులోకి తీసుకురావడం

విప్‌తో అద్భుతంగా తిప్పి, డ్రైవర్ పట్టుకోగానే పాత మనిషి లేచి కూర్చోవడం మామూలే. అందుకని రేంజ్‌కి పోయినరోజు డ్రైవర్‌ను కారులోనే వదలండి. 9 ఐరన్ తీసుకోండి. విప్‌తో మూడు స్వింగులు, ఆ ఊపు ఒంట్లో ఉండగానే 9 ఐరన్‌తో గాల్లో ఒకటి, వెంటనే ఒక బంతి. మళ్లీ విప్. ఇట్లా ఇరవై బంతులు. బంతి ఎక్కడ పడిందో చూడకండి, "తకధిమి త" కుదిరిందా లేదా చూసుకోండి. బాగుంటే 7 ఐరన్. డ్రైవర్ రెండో సారి పోయినప్పుడు.

బంతి ముందుకు రాగానే తొందర తిరిగొస్తోందంటే ఒక చిట్కా. టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) మీద బంతి పెట్టి, దాన్ని కొట్టాలనుకోకుండా, దాని మీదుగా ఫినిష్ దాకా పోవాలనుకోండి. బంతి దారిలో అడ్డొచ్చిందంతే.

రౌండ్ (కోర్సులో అసలు ఆట) రోజు టీ ఆఫ్‌కి, అంటే మొదటి బంతి కొట్టడానికి, ముందు విప్‌తో వార్మప్ బాగా పనిచేస్తుంది. తెల్లవారుజామున రెండు మూడు గంటలు కారులో కూర్చుని వచ్చిన నడుం కదలడానికి ఇంతకన్నా మంచిది లేదు. కానీ రౌండ్ మొదలయ్యాక దాన్ని ముట్టుకోవద్దు. గోల్ఫ్ నియమాల్లో 4.3 ప్రకారం రౌండ్ మధ్యలో స్వింగ్ సాధనాలు, క్లబ్‌కు తగిలించే బరువులు వాడకూడదు. మొదటిసారి వాడితే స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే ఆట) రెండు స్ట్రోకులు పెనాల్టీ, మ్యాచ్ ప్లేలో (హోల్ హోల్‌కీ గెలుపు చూసే ఆట) ఆ హోల్ పోతుంది. రెండోసారి వాడితే పోటీ నుంచే బయటికి. బ్యాగులో ఉంటే చెయ్యి పోతుంది, డిక్కీలో పెట్టి తాళం వేయడమే మంచిది.

అట్లాగని వేసవిలో డిక్కీలోనే వదిలేయకండి. ఆ వేడికి గ్రిప్ రబ్బరు జిగురుగా మారుతుంది. బీచ్‌లో వాడినరోజు ఉప్పు గాలీ ఇసుకా పోయేలా తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టండి. నెలకోసారి చివరి బంతి వదులైందేమో తిప్పి చూడండి, షాఫ్ట్ మీద పగుళ్లు ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. పగులు కనిపిస్తే ఇక తిప్పొద్దు. అంత వేగంలో బంతి ఊడిపోతే పక్కింటి కిటికీ కాదు, మనిషే పోవచ్చు.

నాలుగో వారం చివర

మళ్లీ అదే చోట, అదే 7 ఐరన్, అదే ఎత్తులో ఫోన్. మూడు స్వింగులు. ఫ్రేములు లెక్కపెట్టండి, పాత సంఖ్యల పక్కన రాసుకోండి. సంఖ్య కదలకపోతే మళ్లీ మొదటి వారం నడుం ఊపుళ్లకు పోండి, రెండో వారం కాదు. చాలామందికి పునాది అక్కడే బోలుగా ఉంటుంది.

ఇది చేయలేని పనులు కూడా ఉన్నాయి. క్లబ్ ముఖం (బంతిని తాకే వైపు) కుడికి తెరుచుకుని ఉంటే విప్‌కు తెలియదు, దానికి ముఖమే లేదు. గురి పక్కకు ఉన్నా, గ్రిప్‌లో చేతులు తప్పుగా పెట్టినా అది చెప్పలేదు. అవి చూసేందుకు కళ్లున్న మనిషి కావాలి.

నాకు నాలుగు వారాల తర్వాత 44, 16 వచ్చాయి. రెండు ముప్పావుకు ఒకటి. పోయిన ఆదివారం వంద బంతుల్లో కంచె వైపు పోయినవి ముప్పై లోపే. ఆ ముప్పైని చూసి కోచ్ "ఎడమ చెయ్యి గ్రిప్ మార్చాలి సార్" అన్నాడు. ఆ పని వచ్చే నెల.